కొలువు పేరిటి మోసము

ఉద్యోగము నిప్పించెదమని చెప్పి సొమ్ము హరించుట అంతర్జాలముతో పుట్టిన క్రొత్తవిద్య యని పలువురు తలంచుచున్నారు. చేతిఫోనులు లేకున్నచో ఈ యాపద మన గడప త్రొక్కియుండదనియు, మన పూర్వులు దీని నెఱుగరనియు చెప్పువారిని మేము తఱచుగా చూచుచున్నాము. చరిత్రము చదివినవారి కీ మాట యంగీకారము కాజాలదు. 2024వ సంవత్సరము మే నెలలో విశాఖపట్టణపు పోలీసులు కొందఱు దళారులను నిర్బంధించిరి. కంప్యూటరు ముందు కూర్చుండి వివరములు నమోదు చేయు కొలువు, అనగా డేటా ఎంట్రీ ఉద్యోగము, ఇప్పించెదమని నమ్మించి, తలకు సుమారు లక్షన్నర రూపాయలు పుచ్చుకొని, యువకులను కంబోడియాకు పంపి అచ్చటి మోసపు ముఠాల కప్పగించిరని వారిపై మోపబడిన నేరము. ఆ యువకులు పుట్టిపెరిగిన తీరమునుండియే, భీమునిపట్టణము, కాకినాడ, కోరంగి రేవులనుండి, పందొమ్మిదవ శతాబ్దములో వేలకొలది తెలుగువారు మారిషసునకును బర్మాకును ఓడలెక్కిరి. వారికిని కొలువులే చెప్పబడెను, చెప్పినవారును దళారులే.

ఈ రెండు ప్రయాణములను ప్రక్కప్రక్క నుంచి చూచినచో, మోసమును గుర్తుపట్టుటకు పత్రికలలో అప్పుడప్పుడు ప్రకటింపబడు హెచ్చరికలకంటె నిక్కమైన గుర్తులు దొరకునని మా యభిప్రాయము. అక్షరదోషము లున్న యుత్తరమును నమ్మవలదని ఆ హెచ్చరికలు చెప్పుచుండును. నేటి మోసగాండ్ర యుత్తరములలో అక్షరదోషములు లేవు. యంత్రములే వానిని వ్యాకరణయుక్తముగా వ్రాసిపెట్టుచున్నవి. కాగితమును చూచి సత్యాసత్యములు నిర్ణయించు కాలము గడచిపోయినది. అది యెన్నడైన నుండెనా యనునదియు సంశయమే.

1834వ సంవత్సరమున బ్రిటిషు సామ్రాజ్యమునందు బానిసత్వము రద్దయ్యెను. బానిసలను కోల్పోయిన చెఱకుతోటల యజమానులకు కూలీలు కావలసివచ్చిరి. ఆ యేడే మారిషసు ద్వీపమునకు హిందూదేశమునుండి ఒప్పందపు కూలీలను తరలింప మొదలిడిరి. దానికి కొంచెము ముందుగనే, 1832-33 సంవత్సరములలో, గుంటూరు సీమను డొక్కల కఱవు తుడిచిపెట్టియుండెను. కఱవు వచ్చినచోటికి కూలీలను చేర్చువాడు వచ్చుట ఆ శతాబ్ద మంతటను కనబడుచున్నది. ఆకలిగొన్నవానికి ప్రశ్నలడుగు నోపిక యుండదని వాడెఱుగును. కోరంగి ఆనాడు ఓడలు కట్టుటకు ప్రసిద్ధికెక్కిన రేవు. 1839వ సంవత్సరపు తుపానులో ఆ రేవు నాశనమైనను దాని పేరు మాత్రము పోలేదు. మారిషసులోను, అటుపిమ్మట బర్మాలోను, ఏ యూరినుండి వచ్చిన తెలుగువానినైనను కోరంగీ యనియే పిలిచిరి.

కూలీలను చేర్చువానికి ఉత్తరదేశమున అర్కాటీ యని పేరు. వాడు సంతలలోను, తీర్థములలోను, బాటలు కలియుచోటులలోను తిరుగుచు, ఇంట కలహించి వచ్చినవానిని, పనిలేక తిరుగువానిని, దిక్కులేని వితంతువును కనిపెట్టి పలుకరించును. వానికి భూగోళశాస్త్రములో నున్నంత ప్రావీణ్యము పాఠశాలల యుపాధ్యాయులకును లేదు. దక్షిణ అమెరికాలోని సూరినాము ద్వీపము కాకున్నను దానిని ద్వీపముగా మార్చి శ్రీరామ్ టాపూ యనెను, అనగా శ్రీరాముని దీవి. రాముని పేరుగల చోటికి పోవుటకు హిందువు వెఱచునా? ట్రినిడాడు వాని నోట చక్కెర దేశమయ్యెను. అచ్చట చేయవలసిన పని చక్కెరను జల్లెడ పట్టుటయే యని చెప్పెనని అచ్చటికి పోయినవారి సంతతివారు నేటికిని చెప్పుకొందురు. నిజముగా చేయవలసినది మండుటెండలో చెఱకు నఱకుట. ఈ పేరులు మార్చు విద్య అర్కాటీలతో నంతరింపలేదు. 2022 సెప్టెంబరులో మన విదేశాంగశాఖవారు చేసిన ప్రకటనను చూడుడు: థాయిలాండులో మంచి జీతమునకు కంప్యూటరు కొలువులని దుబాయిలోని, హిందూదేశములోని దళారులు కంప్యూటరు విద్య నేర్చిన యువకులను పిలిచి, వారిని దొంగదారిని సరిహద్దు దాటించి బర్మాలో నిర్బంధమున నుంచుచున్నారని అందు కలదు. ఊరు ఒకటి చెప్పి యొకట దించుట నాటి పద్ధతియే.

అర్కాటీ మోసము లోపలినుండి యెట్లుండెనో తెలుపు గ్రంథము ఒకటి మనకు దక్కినది. తోతారాం సనాఢ్యుడను ఉత్తరదేశపు బ్రాహ్మణ యువకుడు 1893లో పని వెదకికొనుచు ప్రయాగకు వచ్చి అర్కాటీ కంటబడెను. ఇరువది యొక్క యేండ్లు ఫిజీలో గడపి, తిరిగివచ్చి, 1914లో తన కథను హిందీలో ప్రకటించెను. తేనెలొలుకు మాటలతో మంచి జీతమును చెప్పి వానిని ఇంటికి తీసికొనిపోయిన ఆ దళారి, అప్పటికే అచ్చట చేర్చియున్న స్త్రీపురుషులతో కలిపి యుంచి, ఇతరులతో మాటాడనీయక, దొర యేమడిగినను అవునని మాత్రమే చెప్పవలెనని నేర్పెను. మెజిస్ట్రేటు వచ్చి, ఫిజీకి పోవుట నీ కిష్టమేనా యని యొక్కొక్కని నడిగెను. అందఱును అవుననిరి. ఫిజీ యెచ్చట నున్నదో, అచ్చట చేయు పని యేమో, చేయకున్న శిక్ష యేమో ఆ యధికారి చెప్పలేదు, వీరడుగలేదు. కొద్దిసేపటిలో ఆ తంతు ముగిసెను.

ఈ యవుననుమాట కడు ముఖ్యమైనది. మోసగాడు మన సొమ్మునో శరీరమునో బలిమిని లాగికొనడు. మన చేతనే అవుననిపించును. అటుపిమ్మట కష్టము వచ్చినపుడు, నీవే యొప్పుకొంటివి గదా యని లోకము మననే యనును. మనమును మననే యనుకొందుము.

అర్కాటీ యొక్కడే దుష్టుడని తలచినచో చరిత్ర మర్థము కాదు. తోటయజమాని దూరద్వీపములో నుండెను. వానికి కలకత్తా, మద్రాసు రేవులలో ఏజెంటు లుండిరి. ఏజెంటు క్రింద లైసెన్సు పొందిన సేకర్తలు, సేకర్తల క్రింద ఏ లైసెన్సును లేని అర్కాటీలు. పల్లెవానితో నిజముగా మాటలాడినవాడు ఈ వరుసలో కట్టకడపటివాడు; తలకింత యని వానికి ముట్టును. మనిషి ఓడయెక్కిన చాలును, అచ్చట వాడు బ్రతికెనా చచ్చెనా యనునది వాని లెక్కలోనిది కాదు. నేడు మన పిల్లలకు వాట్సాపులో కబురంపువాడును ఇట్టి వరుసలో కడపటివాడే. ఒక్కొక్కప్పుడు వాడు మన వీథివాడై, మన చుట్టమై కూడ నుండును. వాడు మంచివాడా చెడ్డవాడా యని విచారించుటకంటె, మనము బయలుదేరిన తోడనే వానికెంత ముట్టును, ఆపైన వాని కేమైన పూచీ కలదా యని విచారించుట ప్రయోజనకరము.

ప్రభుత్వము ఊరకుండెనని చెప్పరాదు. 1838లో కలకత్తాలో విచారణసంఘము కూర్చుండెను. 1839లో కూలీల యెగుమతి నిషేధింపబడెను. కూలీలలో పెక్కురు మోసపుమాటలచే పోయినవారేయని సంఘము 1840లో తేల్చెను. ఐనను తోటల యజమానుల పలుకుబడి చిన్నది కాదు. 1842లో మారిషసునకు మరల దారి తెఱచిరి. అప్పటినుండి చట్టముపై చట్టము వచ్చెను. 1883వ సంవత్సరపు చట్టముచే లైసెన్సులు, బిళ్లలు, రిజిష్టర్లు, వైద్యపరీక్షలు విధింపబడెను. పల్లెవాని కన్నులకు ఆ బిళ్ల సర్కారు ముద్రగా తోచుటలో వింత లేదు. మోసమునాపుటకు పుట్టిన గుర్తే మోసగానికి పరువు నిచ్చెను. నేడు కంపెనీ ముద్రతో నున్న ఆఫరు లెటరును, ప్రభుత్వ చిహ్నము గల గుర్తింపు కార్డును నకలు చేయుట క్షణముల పని.

ఆనాటి వలసచీటీలలో కొన్ని నేటికిని భద్రముగా నున్నవి. మారిషసులోని మోకాయందు మహాత్మాగాంధీ సంస్థలో అచ్చటి వలస దస్తావేజులు కలవు. ముత్తాతల యూరు పేరు తెలిసికొనుటకు వారి వంశీయులు వానిని వెదకుదురు. పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, ఎత్తు, ఒంటిమీది మచ్చలు, జిల్లా, గ్రామము, అన్నియు అట్టి చీటీలలో వ్రాయబడుచుండెను. నీకు దళారి యేమని చెప్పెను అను గడి మాత్రము వానిలో లేదు. 1912లో గోఖలే ఈ పద్ధతిని రద్దుచేయవలెనని శాసనసభలో తీర్మానము తెచ్చి యోడిపోయెను. 1916లో మాలవ్యా తెచ్చిన తీర్మానము నంగీకరించిరి. 1917లో రవాణా నిలిచెను. 1920 మొదటి దినమున ఫిజీలోని కడపటి ఒప్పందములు రద్దయ్యెను.

తెలుగువారి కథ యింతటితో తీరదు. మనవారు దూరద్వీపములకంటె బర్మాకు మిక్కుటముగా పోయిరి. రంగూనును మనవారు రంగ మనిరి. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి పొగయోడలలో పోయి, ధాన్యపు మిల్లులలోను, రేవులోను మూటలు మోసిరి. అచ్చట గిర్మిటు లేదు; మేస్త్రీ యుండెను. మేస్త్రీ పరదేశి కాడు. మన యూరివాడు, ఒక్కొక్కప్పుడు మన కులమువాడు. ఓడకూలికిని, ఇంటిలో నిచ్చి పోవుటకును ముందుగా కొంత సొమ్ము తానే యిచ్చును. ఆ ముందటి సొమ్మే కూలీ మెడకు ఉరి. జీతము మేస్త్రీ చేతికి వచ్చును. ముందిచ్చిన దానిని, దానిపై వడ్డీని, తన భాగమును తీసికొని మిగిలినది కూలీకిచ్చును. లెక్క వ్రాయువాడు మేస్త్రీయే గనుక ఋణ మెన్నడు తీరునో కూలీకి తెలియదు. ఇచ్చట పెద్ద యబద్ధము ఒక్కటియు లేదు. ఊరు పేరు నిజము, పని నిజము. లెక్కలో మాత్రమే దగా.

ఒక న్యాయమైన మాట చెప్పవలెను. రంగమునకు పోయి సొమ్ము కూడబెట్టి వచ్చినవా రున్నారు. ఉత్తరాంధ్ర పల్లెలలో రంగపు మనియార్డరులతో పెండ్లిండ్లు జరిగినవి, పొలములు కొనబడినవి. గల్ఫు దేశములకు కరీంనగరమునుండి, నిజామాబాదునుండి, కడపనుండి, కోనసీమనుండి పోయినవారి విషయమును ఇంతియే. దళారి బలమంతయు ఇందే యున్నది. అందఱును నశించిన త్రోవలో ఎవ్వడును అడుగిడడు. ఒకడు బంగారుగొలుసుతో తిరిగివచ్చుటచేతనే పదుగురు బయలుదేరుదురు. కాబట్టి పరదేశమునకు పోవలదని మేము చెప్పము. అట్లు చెప్పు పెద్దల మాట పిల్లలు వినరు, వినకుండుటయు న్యాయమే. 1930 మే నెలలో రంగూను రేవులో బర్మీయులకును తెలుగు కూలీలకును పని విషయమై ఘోరమైన కొట్లాట జరిగి మనవారెందఱో చనిపోయిరి. 1942లో జపానువారు వచ్చినపుడు లక్షలకొలది హిందూదేశీయులు అడవిదారుల నడచి తిరిగివచ్చిరి. నడువలేనివారు దారిలోనే రాలిరి. మేస్త్రీ చెప్పిన మాటలలో ఈ యపాయముల ప్రసక్తి యుండునా?

వారు నిరక్షరాస్యులు, మనము చదువుకొన్నవారము గదా యని యొక సమాధానము కలదు. దీనిని మేము విద్యావంతుల యిండ్లలోనే యెక్కువగా విన్నాము. లండను నగరమును మించిన విద్యాస్థాన మానాడు లేదు. అచ్చట 1822లో గ్రెగరు మెక్‌గ్రెగరను స్కాట్లండువాడు, మధ్య అమెరికాలో పోయైసు అను దేశమునకు తాను ప్రభువునని చెప్పుకొనెను. అట్టి దేశము లేదు. మూడువందల యేబది పుటలకు మించిన గ్రంథమునందు దాని నేలను, నదులను, రాజధానిని వర్ణింపజేసెను. దాని పేర నోట్లు నచ్చొత్తించెను. భూములు మాత్రమే గాక ఉద్యోగములు కూడ పంచిపెట్టెను. ఒకనికి బ్యాంకిలో కొలువు. ఒక చర్మకారునికి రాకుమారికి చెప్పులు కుట్టు నధికారము! సుమారు 250 మంది రెండు ఓడలలో పోయి, రాజధాని యుండవలసిన చోట అడవిని చూచిరి. జ్వరములచే సగముకంటె ఎక్కువమంది మరణించిరి. వారిలో చదువరు లుండిరి. అచ్చుపడిన పుస్తకము అబద్ధమాడదని నమ్మిరి.

అంత దూరము పోనక్కఱ లేదు. 2022 జూన్, జూలై మాసములలో తమిళదేశపు యువకులు 28 మంది న్యూఢిల్లీ రైల్వేస్టేషనులో దినమునకు ఎనిమిదేసి గంటలు వచ్చుచు పోవుచున్న రైళ్లను, వాని పెట్టెలను లెక్కపెట్టుచు కూర్చుండిరి. రైల్వేలో టిక్కెట్టు తనిఖీదారు, గుమాస్తా మొదలగు కొలువులకు ఇది శిక్షణ యని వారికి చెప్పబడెను. అందఱును కలిసి చెల్లించినది 2 కోట్ల 67 లక్షల రూపాయలు. వారిలో పట్టభద్రులుండిరి. ఒక నెల రైళ్లు లెక్కించిన తరువాత గాని ఉద్యోగము లేదని తెలియలేదు. మేమీ వార్త చదివి నవ్వలేకపోయితిమి. స్టేషను నిజము, రైళ్లు నిజము, ఎండ నిజము. పని చేయుచున్నామను తృప్తియు నిజమే. నిరక్షరాస్యుడు మనిషి మాటకు మోసపోవును. చదువుకొన్నవాడు కాగితమునకు మోసపోవును. రైల్వేకొలువు ప్రకటనచేతను పరీక్షచేతను గాక మఱియొక దారిని రాదని ఆ యిరువది యెనమండుగురును ఎఱిగియే యుందురు. పెరటిత్రోవ యొకటి యుండునను నమ్మకము వారికెచ్చటినుండి వచ్చెను? సిఫారసు లేనిదే పని జరుగదని మన పెద్దలము పిల్లల యెదుట దినదినమును చెప్పుకొనుటనుండియే యని మా యనుమానము.

ఇక నేటి పద్ధతులు. ఒకటి ఇల్లు కదలకుండ జరుగునది. ఎఱుగని సంఖ్యనుండి వాట్సాపులోనో టెలిగ్రామ్‌లోనో కబురు వచ్చును: తీరిక వేళలో పని, హోటళ్లకు మంచి మార్కు లిచ్చుటయో, వీడియోలను మెచ్చుకొనుటయో మాత్రమే. మొదటి దినమున నూటయేబదియో రెండువందలో నిజముగానే మన ఖాతాలో పడును. ఇది మేస్త్రీ ముందిచ్చిన సొమ్మువంటిదే. పిమ్మట పెద్ద పని కావలెనన్న ముందుగా కొంత కట్టుమందురు. కట్టినదానికి లాభము కలిసి తెరపై అంకెలు పెరుగుచుండును. తీసికొనబోయినచో పన్ను కట్టుమనియు, రుసుము కట్టుమనియు, ఖాతా స్తంభించెననియు చెప్పుదురు. తెరమీది యంకెలు మేస్త్రీ లెక్కపుస్తకమువంటివి, వ్రాయువాడు వాడే. ఈ వలలో ఇంటిపట్టున నుండు చదువుకొన్న స్త్రీలును, కళాశాల విద్యార్థులును పడుచున్నారు. మఱికొందఱు నీ బ్యాంకిఖాతాను కొన్నాళ్లు వాడుకొననిమ్ము, కమీషను ఇచ్చెదమందురు. ఇది కొలువు కాదు, దొంగసొమ్మును దాటించుట. పోలీసులు మొదట వచ్చునది ఖాతాదారు నింటికే.

మఱియొక విధము కలదు. చరిత్రజ్ఞులకు ఇది మిక్కిలి వింతగా తోచును. ఇంటివద్ద డేటా ఎంట్రీ పని యని చెప్పి ఒప్పందముపై సంతకము తీసికొని, చేయుటకు శక్యము కానంత పని నిచ్చి, తప్పులెక్కువ వచ్చినవని సాకు చెప్పి, వకీలు పేరిట నోటీసు పంపుదురు: జరిమానా చెల్లింపుము, లేనిచో కారాగారము! వెఱచి చెల్లించినవారు పెక్కురు. పూర్వ మిట్టి చట్టము నిజముగానే యుండెను. 1859వ సంవత్సరపు 13వ చట్టము ప్రకారము, ముందుగా సొమ్ము పుచ్చుకొని పని మానిన కూలీని మెజిస్ట్రేటు చెఱసాలకు పంపగలిగెడివాడు. అస్సాము తేయాకుతోటల యజమానులు దానిని యథేచ్ఛగా వాడుకొనిరి. 1925లో దానిని రద్దుచేసిరి. అప్పగించిన పని పూర్తిచేయలేదను నేరమునకై యెవ్వరిని జైలులో పెట్టు చట్టము నేడు లేదు. రద్దయి నూరేండ్లయిన చట్టము భయము చూపి మోసగాండ్రు బ్రతుకుచున్నారు.

మూడవది, అన్నిటికంటె క్రూరమైనది, పరదేశపు నిర్బంధము. విశాఖ యువకులను బ్యాంకాకు మీదుగా కంబోడియాకు చేర్చి, పాస్‌పోర్టులు లాగికొని, ఒప్పందములపై సంతకములు చేయించి, కంప్యూటర్ల ముందు కూర్చుండబెట్టిరి. చేయవలసిన పని యేమన, తమ దేశస్థులనే ఫోనులో మోసగించుట. చేయనన్నవారిని హింసించిరి. కంబోడియాలో సుమారు లక్షమందియు, బర్మాలో కనీసము లక్షా యిరువదివేలమందియు ఇట్టి నిర్బంధములో నున్నట్లు 2023 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయము ప్రకటించెను. 2025 మార్చిలో మన ప్రభుత్వము సైనికవిమానములు పంపి 549 మందిని బర్మా సరిహద్దునుండి తెచ్చెను. వారిలో తెలుగువారును ఉండిరి. అర్కాటీ చేతబడినవాడు చెఱకు నఱకెను. వీరిచేత తోడివారి కష్టార్జితమును నఱకించుచున్నారు. మన యింట పింఛనుదారుని దోచిన గొంతు, ప్రక్కయింటినుండి కొలువునకై పోయిన కుఱ్ఱవానిదే కావచ్చును.

అయినచో గుర్తు లేవి? మొదట సొమ్ము నడచు దిక్కును చూడవలెను. పని యిచ్చువాడు పనివానికి చెల్లించును. రిజిస్ట్రేషననియు, శిక్షణ యనియు, లాప్‌టాపునకు పూచీ యనియు పనివాడే యజమానికి చెల్లింపవలసివచ్చినచో దానిని కొలువనరాదు. విదేశమునకు పంపు ఏజెంటు కొంత రుసుము పుచ్చుకొనుట చట్టసమ్మతమే. కాని 1983 నాటి వలసచట్టము అట్టి ఏజెంటు ప్రభుత్వమువద్ద నమోదు కావలెనని విధించెను. నమోదైనవారి పట్టిక ఈమైగ్రేట్ అను ప్రభుత్వపు జాలస్థలములో ఎవ్వరైనను చూడవచ్చును. ఏజెంటు చూపిన కాగితములో గాక ఆ పట్టికలోనే చూడవలెను. వీసాపై పర్యాటకుడని యున్నచో అచ్చట చట్టప్రకారము పనిచేయు హక్కు లేదు. అచ్చటికి పోయిన పిమ్మట మార్చెదమను మాటను నమ్మి పోయినవారే కంబోడియాలో చిక్కిరి. కంపెనీ నిజమైనదే కావచ్చును, కాని కబురు పంపినవాడు ఆ కంపెనీవాడేనా? వాడిచ్చిన సంఖ్యకు గాక, మనము స్వయముగా వెదకి కనుగొన్న సంఖ్యకు ఫోను చేసి యడిగినచో అయిదు నిమిషములలో తేలిపోవును. ఇంతియ కాదు, తోతారాముని అర్కాటీ ఇతరులతో మాటాడనీయలేదని పైన చెప్పితిమి గదా. నేటివాడు ఈ రాత్రికే తీర్మానింపుమనును, ఎవ్వరికిని చెప్పవలదనును, చేసిన సంభాషణలు తుడిచివేయుమనును. అర్కాటీ నాలుగు గోడలతో చేసిన పనిని వీడు తొందరతో చేయును.

మూడవ మనిషి చెవిని పడినచో ఈ మోసములలో చాలభాగము నిలువవు. ఆ మూడవ మనిషి మన యిండ్లలో ఎవరు? ఇచ్చట మేము గృహస్థులకు కొంచెము కటువైన మాట చెప్పవలసియున్నది. ఇంజనీరింగు చదివి రెండేండ్లు ఊరకున్న కుమారుని అన్నము ముందఱ కూర్చుండబెట్టి, పలానవాని కొడుకునకు ఇంత జీతమని చెప్పు తండ్రి, తెలియకయే దళారికి సాయము చేయుచున్నాడు. ఆ పిల్లవాడు కబురు వచ్చినపుడు తండ్రి నడుగడు. కొలువు దొరికినదని చెప్పి ఆశ్చర్యపఱుపవలెనని చూచును. తనకంటూ నాలుగు రూపాయ లుండవలెనని కోరిన గృహిణి పదివేలు పోగొట్టుకొనినపుడు భర్తకు చెప్ప వెఱచి, ఆ పదివేలు రాబట్టుకొనుటకై యేబదివేలు కట్టును. మొదటి నష్టము మోసగానివలన కలిగినది. రెండవది ఇంటి భయమువలన కలిగినది. దీనికి మోసగానిని మాత్రమే నిందింపలేము. పరువు పోవునని ఫిర్యాదు చేయనివారు, సొమ్ము తిరిగిరాదని ఫిర్యాదు చేయనివారికంటె ఎక్కువగా నుందురని మా తలంపు.

తీరని నష్టము కాకుండ చేయుటకు ఆలస్యము లేకుండుట ముఖ్యము. సొమ్ము పోయిన తోడనే 1930 అను సంఖ్యకు ఫోను చేసినచో, ఆ సొమ్ము ఖాతానుండి ఖాతాకు దాటిపోకముందే బ్యాంకులద్వారా నిలుపుదల చేయు నేర్పాటు కలదు. గంటలు గడచినకొలది అది దుర్లభమగును. వచ్చిన కబురులను, చెల్లింపుల రసీదులను, ఆ సంఖ్యలను తుడిచివేయక దాచవలెను. జాతీయ సైబరు నేరముల జాలస్థలములో ఇంటినుండియే ఫిర్యాదు వ్రాయవచ్చును. పరదేశములో చిక్కినవారి బంధువులు అచ్చటి భారత రాయబార కార్యాలయమునకును, విదేశాంగశాఖవారి మదద్ అను ఫిర్యాదుల శాఖకును తెలుపవచ్చును.

విశాఖ వ్యవహారము బయటపడిన విధ మిది. కంబోడియానుండి తప్పించుకొని తిరిగివచ్చిన యొక యువకుడు సిగ్గుపడి యూరకుండక పోలీసులకు జరిగినది జరిగినట్లు చెప్పెను. దళారులు పట్టువడిరి, వార్త పత్రికలలో వచ్చెను, అచ్చట చిక్కియున్నవారికి విశాఖ పోలీసుల ఫోను సంఖ్య చేరెను. కొలది దినములలోనే సిహనూక్‌విల్ నగరములో తాము నిర్బంధింపబడిన భవనములయందే వారు గుమిగూడి, తమ్ము ఇండ్లకు పంపుమని తిరుగబడిరి. 2024 మే 20వ తేదీన విడిపింపబడిన 60 మంది భారతీయులు ఆ వారములోనే స్వదేశమునకు బయలుదేరిరి.